మంథనిని మింగేసిన ఫార్వర్డు

పీవీ నరసింహారావు జయంతి వస్తే చాలు, వర్ధంతి వస్తే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఈసారి కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా బాబాయి కూడా "నిజమేనా ఇది?" అంటూ పంపాడు. సారాంశం ఇదీ: పీవీ సొంత గడ్డ మీద ఎన్నడూ గెలవలేదు, ముల్కీ నిబంధనలు (తెలంగాణలో సర్కారు ఉద్యోగాలు స్థానికులకే అన్నవి) తెచ్చి ఆంధ్రుల పొట్టగొట్టాడు, భూసంస్కరణలు ఉత్త నాటకం, 1991 దాకా ఆయనెవరో ఎవరికీ తెలియదు, పదిహేడు భాషలు వచ్చన్నది బూటకం.

సరే బాబాయ్, నీ కోసమే రాస్తున్నా.

సొంత గడ్డ మీద గెలవలేదట. మరి మంథని ఎవరి గడ్డ? 1957, 1962, 1967, 1972. వరసగా నాలుగుసార్లు అక్కడి నుంచే అసెంబ్లీకి వెళ్ళాడు. అంతకుముందు తొలి సాధారణ ఎన్నికల్లో లోక్‌సభకు పోటీ చేసి కమ్యూనిస్టు నాయకుడు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయాడు, నిజమే. 1984లో హన్మకొండలో ఓడిపోయిందీ నిజమే. బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లలో అదొకటి. అప్పుడు టీడీపీ గాలిలో రాష్ట్రమంతా కాంగ్రెస్ కొట్టుకుపోయింది. అదే హన్మకొండలో అంతకుముందు 1977లో, 1980లో గెలిచాడన్న సంగతి మాత్రం మెసేజ్ రాసినవాడికి కనిపించలేదు. ఓటములు మాత్రమే కనిపించే కళ్ళజోడు ఎక్కడ అమ్ముతారో!

ఇక అసలు విషం ముల్కీ గురించిన పాయింటులో ఉంది. మిగతావాటిని నవ్వి వదిలేయొచ్చు గానీ దీన్ని వదలలేను. ఇప్పటికీ ఇది చదివి రెండు రాష్ట్రాలవాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

ముల్కీ నిబంధనలు 1919లో నిజాం ఇచ్చిన ఫర్మానా నాటివి. అప్పటికి పీవీ పుట్టనే లేదు. పుట్టకముందే ఆంధ్రుల మీద కుట్ర చేశాడంటే ఆయన మేధావితనాన్ని మనం తక్కువ అంచనా వేసినట్టే! 1972 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ నిబంధనలు చెల్లవంది. అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెల్లుతాయంది. ఆ తీర్పు వచ్చేనాటికి ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది పీవీ. అంతే ఆయన చేసిన "తేవడం".

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ సమయంలో ఆయన రాజకీయ నాయకుడిలా కాకుండా వకీలులా మాట్లాడాడు. సుప్రీంకోర్టు చెప్పాక ఇక అదే అంతిమం అన్న ధోరణి. చట్టప్రకారం అందులో తప్పులేదు. కానీ ఉద్యోగాలు పోతాయన్న భయంతో ఉన్న కోస్తా, రాయలసీమ యువకులకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం రగిలింది, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డే రాజీనామా చేశాడు. 1973 జనవరిలో పీవీ కుర్చీ పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ గొడవను సంభాళించడంలో ఆయన విఫలమయ్యాడంటే నేనూ చేయెత్తుతాను. ముల్కీని ఆయనే తెచ్చాడంటే మాత్రం ఒప్పుకోను.

భూసంస్కరణలు నాటకమైతే భూస్వాములకు కోపం మాత్రం నిజంగా ఎందుకొచ్చింది? కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు మించకూడదన్న చట్టం అది, 1973లో ఒకటో నంబరు చట్టం. అమల్లోకి వచ్చింది 1975లో, అప్పటికి ముఖ్యమంత్రి వెంగళరావు. ఈ మధ్యకాలంలో ఎన్ని భూములు బంధువుల పేర్లకీ, పాలేర్ల పేర్లకీ మారిపోయాయో పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళని అడగండి. అమలు నీరుగారింది. ఆ పాపం చట్టం చేసినవాడి ఖాతాలో వేస్తారా, ఎగ్గొట్టినవాళ్ళ ఖాతాలో వేస్తారా? జై ఆంధ్ర వెనక భూస్వాముల కోపం కూడా ఉందని చాలామంది అంటారు. ఉద్యమమంతా వాళ్ళదే అనడం కూడా అన్యాయమే అనుకోండి.

1991 దాకా ఎవరికీ తెలియదట. రాష్ట్రంలో తొమ్మిదేళ్ళు మంత్రి, తర్వాత ముఖ్యమంత్రి, కేంద్రంలో విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు. ఇంకేం చేస్తే తెలిసేదో! 1968లో తెలుగు అకాడమీ వచ్చింది ఆయన విద్యామంత్రిగా ఉన్నప్పుడే. 1971లో సర్వేల్ గురుకులం మొదలైంది ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే.

భాషలు పదిహేడో పదో, లెక్కపెట్టుకోండి. నాకు ఓపిక లేదు.

పోతే, ఈ మెసేజ్‌కి జవాబుగా పీవీ అభిమానులు పంపే పోస్టరు ఒకటుంది: 1991 నంద్యాల ఉపఎన్నికలో 5 లక్షల 80 వేల మెజారిటీ, ప్రపంచ రికార్డు అని. దాన్నీ నాకు పంపకండి. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన అభ్యర్థినే నిలబెట్టలేదు. ఆ మెజారిటీలో సగం మర్యాద ఎన్టీఆర్‌ది. పీవీ గెలుపు చూపించాలనుకుంటే మంథని చూపించండి.