‘నాకు చెయ్యి రాదు’ అన్నది సిద్ధాంతం కాదా?

ఈమధ్య మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. రెండు రోజులు తిరిగేసరికి అదే మెసేజ్ నా కాలేజీ గ్రూపులోకీ, ఆఫీసు గ్రూపులోకీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: ప్రిన్సిపుల్స్, వాల్యూస్, బిలీఫ్స్ లాంటి వాటికి తెలుగులో సొంత మాటలు లేవు. సిద్ధాంతం, ఆదర్శం, నియమం అన్నీ సంస్కృతం దగ్గర తెచ్చుకున్నవే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అవి కూడా ఎవరి నోటా వినపడవు. మాటే లేనిచోట ఆ ఆలోచనా ఉండదు. కాబట్టి పిల్లలకు ఇలాంటివి ఇంగ్లీషులోనే నేర్పాలి.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు పల్లెల సంగతే తీసుకుందాం. మా అమ్మమ్మ రెండు గేదెల్ని పెట్టుకుని పాలు పోసేది. ఒక వేసవిలో పాలు బాగా తగ్గిపోయాయి. పక్కింటావిడ అరుగు మీద కూర్చుని, “సెంబుడు నీళ్ళు కలిపితే ఏటవుద్దప్పా? అందరూ కలపట్లేదేటి?” అంది. అమ్మమ్మ సోల కడుగుతూ, తలెత్తకుండానే “నాకు సెయ్యి రాదమ్మా” అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆ వేసవంతా రెండిళ్ళవాళ్ళకి పాలు లేవని చెప్పి పంపేసింది. ఆ డబ్బు లేక ఇంట్లో ఇబ్బంది పడ్డాం కూడా.

‘చెయ్యి రాదు’ అన్న మాటను ఒక్కసారి నిదానంగా చూడండి. ‘నేను చెయ్యను’ అంటే అది ఈ పూటకి తీసుకున్న నిర్ణయం, రేపు మారొచ్చు. ‘నాకు చెయ్యి రాదు’ అంటే నేను చేద్దామనుకున్నా నా చెయ్యే ఒప్పుకోదని. మనసొప్పలేదు, నోరు రాలేదు, అది నాకు పడదు, మా ఇంటా వంటా లేదు, అది తగని పని అంటాం. ఇవన్నీ ఒక మనిషి తనకు తాను గీసుకున్న గీతను చెప్పే మాటలే. మన భాష ఇలాంటివాటిని ఎక్కువగా క్రియల్లో దాచుకుంది. మెసేజ్ రాసినాయన నామవాచకాల్లో మాత్రమే వెతికి, దొరకలేదన్నాడు. మా ఊళ్ళో ఎవరినైనా ఆపి “మీ సిద్ధాంతం ఏమిటి?” అని అడిగితే ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారి ఇల్లు చూపిస్తారు. అడిగిన తీరు అలాంటిది మరి.

పల్లె మాటను పల్లె నోట విని తెలుసుకోవాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి మా శ్రీకాకుళం జిల్లావాడే. 1863లో పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే రోజుల్లో సవర గిరిజనుల దగ్గరే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన ఊరివాళ్ళ గురించి ఇలా రాసేముందు ఆ మెసేజ్ రాసినాయన ఒక్క పూట వచ్చి వినాల్సింది.

ఇక ‘అన్నీ సంస్కృతం నుంచి అప్పు’ అన్నది. సిద్ధాంతం, ఆదర్శం, నియమం సంస్కృతం నుంచి వచ్చినవే, కాదనను. మరి నమ్మకం? నమ్ము అనే అచ్చ తెలుగు క్రియ నుంచి వచ్చింది. విలువ మనదే, తమిళంలో విలై, కన్నడంలో బెలె దాని చుట్టాలు. నడత, కట్టుబాటు, పట్టుదల, ఒట్టు మనవే. న్యాయం అనే అర్థంలో ‘ఇది నీకు పాడి కాదు’ అంటామే, ఆ పాడి మనదే.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది తగవు. ఇప్పుడు తగవంటే కొట్లాట. పాత తెలుగులో తగవంటే న్యాయం, తగవరి అంటే న్యాయం చెప్పేవాడు. తగును, తగదు, తగిన అన్నవాటి చుట్టమే ఇది. తగవు తీర్చమని పెద్దమనుషుల దగ్గరకు వెళ్ళడంలో ఆ పాత అర్థం కొంచెం ఇంకా మిగిలే ఉంది. కౌలు దగ్గరో గట్టు దగ్గరో పేచీ వస్తే ఎవరు ఎంత అన్నది తర్వాత, ముందు ఎవరైనా అడిగేది “ఇది నీకు తగునా?” అనే.

అప్పు తెచ్చుకున్న మాటలైనా మన దగ్గర ఉన్నవి ఉన్నట్టు ఉండిపోలేదు. ఆదర్శమంటే సంస్కృతంలో అద్దం కూడా. విశ్వాసం రాజ్యాంగ ప్రవేశికలో ఒక అర్థంలో ఉంటే, “కుక్కకున్న విశ్వాసం నీకు లేదు” అన్నప్పుడు ఇంకో అర్థంలో ఉంటుంది. ఇన్ని వందల ఏళ్ళు వాడి, అర్థం మార్చుకుని, తిట్టుకోవడానికి కూడా పనికొచ్చిన మాటను పరాయిదని ఎలా అంటాం?

అప్పు తప్పయితే ఇంగ్లీషు పరిస్థితి ఏమిటి? ప్రిన్సిపుల్, కాన్షియన్స్ లాటిన్ నుంచి వచ్చాయి. వాల్యూ ఫ్రెంచి నుంచి వచ్చింది. ఐడియాలజీని 1796లో దెస్త్యూ ద త్రాసీ అనే ఫ్రెంచి పండితుడు గ్రీకు ముక్కలతో కట్టాడు. వాళ్ళ అప్పు గొప్పా, మన అప్పు తప్పా?

మాట లేకపోతే ఆలోచన లేదనడం కూడా నిలవదు. ఎంగిలికి ఇంగ్లీషులో సరిపోయే ఒక్క మాట లేదు. అంతమాత్రాన ఇంకొకరు కొరికిన పండు తినడానికి వెనకాడే ఇంగ్లీషువాడు ఉండడా? ఇంగ్లీషు మాట నోట్లో ఉంటే గుణం వస్తుందనుకునేవాళ్ళు కన్యాశుల్కం నాటకంలోని గిరీశాన్ని గుర్తు చేసుకోవాలి. ఒపీనియన్లు అప్పుడప్పుడూ మార్చుకోకపోతే పొలిటీషియన్ కాలేరన్నది అతనే. ఆ నాటకాన్ని 1892లో మొదట ఆడింది మన విజయనగరంలోనే.

ఒక్కటి మాత్రం నిజం. మన పిల్లలు ఇంటర్వ్యూల్లో మీ విలువలేమిటన్న ప్రశ్న దగ్గర తడబడుతున్నారు. మా మేనల్లుడు మొన్న ‘యువర్ వాల్యూస్’ అని అడుగుతారేమోనని తెగ టెన్షన్ పడుతూ, నెట్‌లో దొరికిన పది ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతున్నాడు. కాగితం పక్కన పెట్టించి, “ఏ పని చెయ్యడానికి నీకు మనసొప్పదురా?” అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఫ్రెండ్ రికార్డు చూసి రాసి నాదని ఇవ్వడానికి మనసొప్పలేదు మావయ్యా. ల్యాబులో మార్కులు అందుకే తగ్గాయి. ఇంట్లో చెప్పలేదు” అన్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకోవడానికి మాకు పది నిమిషాలు పట్టింది.