గేటు పక్కన వేలాడుతున్న ఇనుప గొలుసు గారికి

మహారాజశ్రీ ఇనుప గొలుసు గారికి, హనుమకొండ నుంచి ఒక కుక్క యజమానురాలు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మా ఇంట మీకు ఒక్క పూటైనా పని దొరకకుండా తుప్పు పడుతున్నందుకు బంధువులందరూ విచారంగా ఉన్నారు. వీధిలో తల్లి పోగా మిగిలిన కుక్కపిల్లను మేము తెచ్చుకున్న వారంలోనే మా మేనమామ మిమ్మల్ని కొని పంపారు. ఊరకుక్కకు అంతకు మించిన చదువు అక్కర్లేదని ఆయన నమ్మకం. జర్మన్ షెపర్డ్‌ను కొన్నవారు శిక్షకుణ్ణి వెతుక్కుంటారు, వీధికుక్కను చేరదీసినవారు హార్డ్‌వేర్ దుకాణానికి వెళతారు. లోకంలో మీ పరపతి అలాంటిది.

మేము రాణి అని పేరు పెట్టుకున్న ఆ పిల్ల తల్లి అచ్చమైన నాటు కుక్క. తండ్రి విషయంలో వీధి చివరి మేడలోని లాబ్రడార్ మీద అందరికీ అనుమానం ఉన్నా, ఆ ఇంటివారు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉన్న ఈ సంతానానికి ఎనిమిదో నెల వచ్చేసరికి, ఆరేసిన తువ్వాళ్లూ వాకిట్లోని చెప్పులూ ఏవీ తన పరిధికి వెలుపల లేవని అర్థమైంది. అప్పుడే అందరికీ మీరు గుర్తుకొచ్చారు. "కట్టెయ్యమ్మా, అదే లొంగుతుంది" అన్నారు.

మీ బోధనా పద్ధతిని నేను శ్రద్ధగా పరిశీలించాను. చుట్టం వచ్చినప్పుడల్లా కుక్కను కట్టేస్తే, చుట్టం రావడమంటే తనకు చెర పడటమేనని అది నేర్చుకుంటుంది. కట్టేసిన కుక్క భయపడితే పారిపోలేదు కనుక, మొరగడమో కరవడమో తప్ప దానికి వేరే దారి మిగలదు. పాఠం మీరు చెబుతారు, "కుక్క ఉన్నది జాగ్రత్త" అన్న బోర్డు మాత్రం కుక్క పేరు మీద పెడతారు. ఇంత వినయం గల గురువును నేనెక్కడా చూడలేదు.

మీతో పోలిస్తే మా పద్ధతి నిజంగానే చాదస్తం. ఛాతీ పట్టీకి తగిలించిన నూలు తాడును రాణి లాగి బిగించిన మరుక్షణం నేను ఆగిపోతాను, తాడు సడలగానే ఉడికించిన కోడి కార్జం ముక్క ఒకటి ఇచ్చి మళ్లీ నడుస్తాను. మొదట్లో వీధి మలుపు దాకా వెళ్లేసరికే తెల్లవారిపోయేది. పాలాయన బండి ఆపి, "కదలనిది కుక్కా, మీరా అమ్మా?" అని అడిగారు. వచ్చినవారి మీదికి ఎగరకూడదని కుక్కకు నేర్పడం తేలికే. అది ఎగిరినప్పుడు వెనుదిరిగి నిలబడాలని, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరించాలని చుట్టాలకు నేర్పడమే కష్టం. వాళ్లు కేకలు వేస్తారు, రాణి దాన్ని ఆటకు పిలుపనుకుంటుంది. ఇక ఎండాకాలంలో తారురోడ్డు దాని పాదాలను కాల్చేస్తుంది కనుక పొద్దు పొడవకముందే నడిచి వచ్చి, పగలు పాత గోనెసంచి మడతల్లో రొట్టె ముక్కలు దాచి వాసన పట్టమంటాను. ముక్కుతో కాసేపు అలా పని చేస్తే, మధ్యాహ్నం దానంతట అదే పడుకుంటుంది. మీరేమో కొలువున్న ఇళ్లలో రోజంతా కుక్కను ఒక్కచోటే కూర్చోబెట్టి, సాయంత్రం అది పిచ్చెక్కినట్టు గెంతితే జాతి గుణమంటారు.

కుక్క తోక వంకర అన్న సామెతను మా మేనమామ మీ తరఫు సాక్ష్యంగా తెస్తుంటారు. రాణి తోక నిజంగానే వంకర, కానీ దాన్ని సరిచేయడం మా పాఠాల్లో లేదు.

మీకు చట్టం అండ కూడా గట్టిదే. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో జంతువును అదేపనిగా కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను నడిపించకపోవడం క్రూరత్వమే. మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మీ ఖరీదు అంతకన్నా ఎక్కువ.

అయినా మిమ్మల్ని నిరుద్యోగిగా ఉంచడం మా ఉద్దేశం కాదు. గేటు గడియను ముక్కుతో పైకి లేపడం రాణి ఈమధ్యే నేర్చుకుంది. కనుక ఆ గేటును కట్టి ఉంచే కొలువు మీకు ఖాయం చేశాము. జీతం ఉండదు, వానాకాలంలో నూనె పూయిస్తాము. సోమవారం నుంచి విధుల్లో చేరగలరు.

చిత్తగించవలెను.