ఎమ్మీలను డబ్బు పెట్టి కొనుక్కుంటారన్న మాట నిలబడదు

అమెరికాలో టీవీ షోలకిచ్చే ఎమ్మీ అవార్డుల రోజులొచ్చాయంటే చాలు, వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ ఒక పోస్టు చేతులు మారుతూ ఉంటుంది. సారాంశం ఇదీ: ఎమ్మీ డబ్బున్న కంపెనీలు కొనుక్కునే బొమ్మ, జనం మెచ్చిన షోలను అక్కడ పట్టించుకోరు, ఇంగ్లిష్ కాని భాషను గడప తొక్కనివ్వరు, మన ‘ఢిల్లీ క్రైమ్’ సిరీస్‌కి వచ్చింది అసలు ఎమ్మీయే కాదు, కంటితుడుపు. ప్రతి ముక్కలోనూ గోరంత నిజం ఉంది కాబట్టే నమ్మేస్తున్నారు. కానీ ఆ పోస్టు వల్ల ఏళ్ల తరబడి పనిచేసి గెలిచినవాళ్ల కష్టం మీద బురద పడుతోంది. అది నాకు బాధగా ఉంది.

ముందు డబ్బు సంగతి. 2020లో నెట్‌ఫ్లిక్స్‌కి 160 నామినేషన్లు వచ్చాయి. అప్పటిదాకా ఏ సంస్థకూ అన్ని రాలేదు. చివరికి గెలిచినవి 21. టీవీ చానల్ హెచ్‌బీవోకి 107 నామినేషన్లే అయినా 30 అవార్డులు దక్కాయి. డబ్బే గెలిపించేదైతే ఈ లెక్క తిరగబడేది. అదే ఏడాది కామెడీలో నాలుగు ప్రధాన నటన అవార్డులు, రచన, దర్శకత్వం, ఉత్తమ సిరీస్, ఏడింటికి ఏడూ ఊడ్చుకెళ్లింది ‘షిట్స్ క్రీక్’ అనే కెనడా షో. అమెరికాలో దాన్ని ప్రసారం చేసింది పాప్ అనే చిన్న చానల్. నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాకే అది ఎక్కువమంది కంట పడిందన్నది నిజమే. ఒప్పుకుంటాను. డబ్బు చేయగలిగింది అంతవరకే: హోర్డింగులు, ప్రత్యేక ప్రదర్శనలు, సభ్యుల దృష్టిలో పడటం. ఓటు వేసేది మాత్రం వేరేవాళ్లు.

వాళ్లెవరో ఆ పోస్టు రాసినవాళ్లు కనుక్కుని ఉంటే బాగుండేది. ఎమ్మీలిచ్చే టెలివిజన్ అకాడమీలో 20,000 మందికి పైగా సభ్యులున్నారు. అందరూ టీవీ రంగంలో పనిచేసేవాళ్లే. వృత్తిని బట్టి విభాగాలుంటాయి. నటుల నామినేషన్లకు నటులు, ఎడిటర్లకు ఎడిటర్లు, దర్శకులకు దర్శకులు ఓటేస్తారు. ఉత్తమ సిరీస్‌కి మాత్రం అందరికీ ఓటుంటుంది. సిరీస్‌లో నటించి నామినేషన్ పొందిన నటుడు సీజన్ మొత్తంలోంచి ఒక్క ఎపిసోడ్ ఎంచుకుని పంపాలి. ఏ ఎపిసోడ్‌లో తన పని బాగా కనిపిస్తుందో తేల్చుకోవడమే పెద్ద పరీక్ష. 2015కి ముందు చివరి దశలో చిన్న చిన్న బృందాలు ఆ ఎపిసోడ్లు చూసి తేల్చేవి. అప్పటినుంచి ఆయా విభాగాల సభ్యులందరికీ ఓటు ఇచ్చారు. లెక్కింపు అకాడమీ చేతిలో కూడా ఉండదు, బయటి ఆడిటింగ్ సంస్థ చేస్తుంది. ఇన్నివేలమందిని కొనడం ఎలాగో ఆ పోస్టులో ఎక్కడా లేదు.

జనం మెచ్చినవాటిని పక్కన పెడతారన్నది సగం నిజం. ‘ఎన్‌సీఐఎస్’ ఏళ్ల తరబడి అమెరికాలో అత్యధికులు చూసిన డ్రామాల్లో ఒకటి. ఉత్తమ డ్రామా నామినేషన్ ఒక్కసారి కూడా రాలేదు. కామెడీ షో ‘బిగ్ బ్యాంగ్ థియరీ’లో నటుడు జిమ్ పార్సన్స్ నాలుగుసార్లు గెలిచాడు గానీ ఆ షో మాత్రం ఉత్తమ కామెడీ కాలేకపోయింది. కానీ ఎమ్మీ ప్రేక్షకుల తీర్పు కానే కాదు. ఆ పని చేయడానికి పీపుల్స్ చాయిస్ అవార్డులు 1975 నుంచే ఉన్నాయి. అసలు రేటింగులే కొలమానమైతే ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ ఏమయ్యేది? 1981లో మొదటి సీజన్ రేటింగుల్లో అడుగున పడి ఉండగా 8 ఎమ్మీలు గెలిచింది, ఏడు సీజన్లు నడిచింది. ‘చీర్స్’దీ అదే దారి: రేటింగుల్లో అట్టడుగున ఉన్న మొదటి సీజన్‌కే 1983లో ఉత్తమ కామెడీ వచ్చింది, షో 11 సీజన్లు సాగింది.

విమర్శకులు మెచ్చిన డ్రామా సిరీస్ ‘ది వైర్’కి ఒక్క ఎమ్మీ కూడా రాలేదని, ‘బెటర్ కాల్ సాల్’ 53 నామినేషన్లతో ఖాళీ చేతులతో మిగిలిందని పోస్టు గుర్తుచేస్తుంది. ఆ కోపం నాకూ ఉంది. అది అన్యాయమే. అయితే దానికి కారణం అమ్మకం కాదు, అలవాటు. కుప్పలుతెప్పలుగా వస్తున్న సిరీస్‌ల మధ్య సభ్యులు తమకు ముందే తెలిసినవాటికే మళ్లీ మళ్లీ ఓటేస్తారు. ‘మోడర్న్ ఫ్యామిలీ’ 2010 నుంచి 2014 దాకా వరసగా ఐదేళ్లు ఉత్తమ కామెడీ అయింది. నిలదీయాల్సింది దీన్ని. లంచం కథ అల్లితే ఈ అసలు జబ్బు కనబడకుండా పోతుంది.

భాష ఆరోపణకు రెండు పేర్లు చాలు. 2022లో కొరియన్ ‘స్క్విడ్ గేమ్’కి లీ జంగ్-జే ఉత్తమ నటుడయ్యాడు. 2024లో ఎక్కువ భాగం జపనీస్‌లో సాగే ‘షోగన్’ ఒకే ఏడాది 18 ఎమ్మీలు గెలిచి రికార్డు సృష్టించింది. అక్కడ అడ్డొచ్చేది భాష కాదు, నిర్మాణంలో అమెరికా భాగస్వామ్యం ఉండాలన్న నిబంధన.

ఆ నిబంధన పరిధిలోకి రాని ప్రపంచమంతటికీ ఇంటర్నేషనల్ ఎమ్మీ ఉంది. ఇచ్చేది న్యూయార్క్‌లోని వేరే సంస్థ. 2020లో ‘ఢిల్లీ క్రైమ్’ ఈ అవార్డును డ్రామా విభాగంలో గెలిచింది బ్రిటన్, జర్మనీ, అర్జెంటీనా సిరీస్‌లను దాటుకుని. మనవాళ్లను బుజ్జగించడానికి ఇచ్చేదే అయితే 2023లో నామినేషన్ పొందిన మన నటి షెఫాలీ షాకీ నటుడు జిమ్ సర్బ్‌కీ కూడా ఇచ్చేసి ఉండాలి. ఆ ఏడాది ఉత్తమ నటి మెక్సికోకు చెందిన కార్లా సౌజా, ఉత్తమ నటుడు బ్రిటన్‌కు చెందిన మార్టిన్ ఫ్రీమన్. అదే రాత్రి కామెడీలో గెలిచిన మన హాస్య కళాకారుడు వీర్ దాస్ కూడా ఆ అవార్డును బ్రిటిష్ షో ‘డెర్రీ గర్ల్స్’తో పంచుకోవాల్సి వచ్చింది.