ఉద్యోగం రాకపోతే ఎడ్యుకేషన్ లోన్ ప్రభుత్వం కడుతుందా? కట్టదు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చదువయ్యాక ఏడాదిలోపు ఉద్యోగం రాకపోతే ఎడ్యుకేషన్ లోన్ కేంద్ర ప్రభుత్వమే కట్టేస్తుందట. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలట, డిగ్రీ చేతికొచ్చాక అప్లై చేసుకోవచ్చట. ఏడున్నర లక్షల లోపు అప్పుకు గ్యారంటీ ప్రభుత్వానిదే కాబట్టి కట్టకపోయినా బ్యాంకు ఏమీ చేయలేదట. విదేశాల్లో చదివినవాళ్లకూ ఇదే వర్తిస్తుందట. కింద ‘పది మందికి పంపండి’ ఎలాగూ ఉంది.

ఇదంతా గాలిలోంచి పుట్టింది కాదు. దాదాపు ప్రతి ముక్క వెనకా ఒక నిజమైన పథకం ఉంది. దాన్ని సగం చదివి, మిగతా సగం ఊహించుకుని రాశారు. జనం నమ్మేది కూడా అందుకే.

మొదటి మాట: ‘లోన్ ప్రభుత్వమే కట్టేస్తుంది.’

ప్రభుత్వం భరించేది వడ్డీని. అదీ వాయిదాలు కట్టనక్కర్లేని మారటోరియం కాలానికి మాత్రమే, అంటే చదువు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది. అసలులో ఒక్క రూపాయి కూడా కట్టదు. ఈ వడ్డీ రాయితీ 2009 నుంచీ ఉంది, బ్యాంకు వాళ్లు సీఎస్ఐఎస్ అంటారు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటకుండా, దేశంలోనే ఆమోదిత సంస్థలో టెక్నికల్ లేదా ప్రొఫెషనల్ కోర్సు చదివేవాళ్లకు మారటోరియం కాలపు వడ్డీ మొత్తం కేంద్రం ఇస్తుంది. దీనికి తోడు 2024 నవంబర్ 6న కేంద్ర కేబినెట్ పీఎం విద్యాలక్ష్మి అనే మరో పథకాన్ని ఆమోదించింది. ఇందులో ఆదాయ పరిమితి 8 లక్షలు, 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ. ఏడాదికి లక్ష మంది విద్యార్థులకే. కేంద్రం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్నవి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థల్లో 101 నుంచి 200 మధ్య ఉన్నవి, కేంద్ర ప్రభుత్వ సంస్థలు, ఇలా ఎంపిక చేసిన కాలేజీలకే వర్తిస్తుంది. మొదట్లో ఆ జాబితాలో 860 సంస్థలున్నాయి. మన ఊరి చివర హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీ అందులో ఉందో లేదో చూసుకోకుండా సంబరపడి లాభం లేదు.

లెక్క వేసి చూద్దాం. బీటెక్‌కు ఏటా మొదట్లో లక్ష చొప్పున నాలుగు లక్షలు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకోండి. మారటోరియంలో సాధారణ వడ్డీయే వేస్తారు. మొదటి లక్ష మీద ఐదేళ్లు, రెండోదాని మీద నాలుగు, మూడోదాని మీద మూడు, చివరిదాని మీద రెండేళ్లు. మొత్తం వడ్డీ 1,40,000. ఏ రాయితీ లేకపోతే వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 5,40,000. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు సుమారు 7,140. విద్యాలక్ష్మి 3 శాతం వస్తే వడ్డీలో 42,000 తగ్గి, నెల వాయిదా 6,580 దగ్గర ఉంటుంది. సీఎస్ఐఎస్ పూర్తిగా పడితే బాకీ నాలుగు లక్షలే, వాయిదా సుమారు 5,290. నెలకు పద్దెనిమిది వందలకు పైగా తేడా, అదీ పదేళ్లపాటు. చిన్న సాయమేం కాదు. కానీ ఆ 5,290 మాత్రం ప్రతి నెలా మనమే కట్టాలి, ఉద్యోగం వచ్చినా రాకపోయినా.

మరి ఈ మాఫీ కబురు ఎక్కడ పుట్టింది? నా అనుమానం 2014 మీద. ఆ ఫిబ్రవరిలో మధ్యంతర బడ్జెట్ ప్రవేశపెడుతూ అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం ఒక ప్రకటన చేశారు. 2009 మార్చి 31 లోపు తీసుకుని, 2013 డిసెంబర్ 31 నాటికి ఇంకా బాకీ ఉన్న విద్యా రుణాలపై, ఆ రోజు వరకు పేరుకున్న వడ్డీని ప్రభుత్వం భరిస్తుందన్నారు. సుమారు 9 లక్షల మందికి 2,600 కోట్ల మేర మేలు జరుగుతుందని చెప్పారు. అదీ వడ్డీయే, అదీ ఒక్కసారే. 2014 జనవరి 1 నుంచి వడ్డీ అప్పు తీసుకున్నవాళ్లదే. దానికి మన దగ్గర రైతు రుణమాఫీల జ్ఞాపకం తోడైంది. 2008లో కేంద్రం, 2014 తర్వాత రెండు రాష్ట్రాలు, 2024లో మళ్లీ తెలంగాణ చేశాయి కదా, చదువు అప్పుకూ చేస్తారన్న ఆశ సహజమే. కానీ పంట రుణాల మాఫీ జీవోలో విద్యా రుణం ఉండదు.

ఇంకో గందరగోళం ‘రైటాఫ్’ వార్తలది. బ్యాంకులు ఇన్ని వేల కోట్లు రైటాఫ్ చేశాయని పేపర్లో వస్తే మాఫీ అనుకుంటారు. అది బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు. బాకీ బాకీగానే ఉంటుంది, వసూలు ప్రయత్నమూ ఆగదు.

‘రేషన్ కార్డు చాలు, డిగ్రీ అయ్యాక అప్లై చేయొచ్చు.’

ఎక్కువమంది నష్టపోతున్నది ఈ ముక్క వల్లే. కావలసింది రేషన్ కార్డు కాదు, తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం. అది కూడా లోన్ తీసుకునేటప్పుడే బ్రాంచిలో ఇవ్వాలి. దాన్నిబట్టి బ్యాంకు మన తరఫున క్లెయిమ్ పెడుతుంది. సీఎస్ఐఎస్‌కు నోడల్ బ్యాంకు కెనరా బ్యాంకు కాబట్టి, మనకు లోన్ ఏ బ్యాంకులో ఉన్నా క్లెయిమ్ అక్కడికే పోతుంది. బ్రాంచిలో ఎవరో ఒకరు ఆ పేరు ఎక్కించాలి. ఎక్కించకపోతే మనం అర్హులమైనా డబ్బు రాదు.

ఒక తండ్రి కూతురు లోన్ స్టేట్‌మెంట్ తెచ్చి నాకు చూపించారు. మూడేళ్ల వడ్డీ వరుసగా డెబిట్ అవుతూ ఉంది, సబ్సిడీ పేరుతో ఒక్క క్రెడిట్ కూడా లేదు. ఆదాయ పత్రం ఇచ్చారా అని అడిగితే, ‘చదువయ్యాక ఇమ్మన్నారు కదండీ’ అని ఫోన్ తీసి ఈ మెసేజే చూపించారు. మీ ఇంట్లో చదువు అప్పు ఉంటే ఆ స్టేట్‌మెంట్ ఒకసారి తీయించి క్రెడిట్ కాలమ్ చూడండి. ఖాళీగా ఉంటే మేనేజర్‌ని రాతపూర్వకంగా అడగండి.

విద్యాలక్ష్మికీ చదువులో ఉండగానే దాని పోర్టల్లో అప్లై చేసుకోవాలి. మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు అది లేదు. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ అందుతున్నవాళ్లకు ఇందులో వడ్డీ రాయితీ రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తున్న పిల్లలు ముందే ఈ సంగతి బ్రాంచిలో తేల్చుకోవడం మంచిది. చదువు మధ్యలో మానేసినా, క్రమశిక్షణ చర్యల మీద కాలేజీ పంపించేసినా రాయితీ పోతుంది. అనారోగ్యం వల్ల ఆగిపోతే మాత్రం మినహాయింపు ఉంటుంది.

‘గ్యారంటీ ప్రభుత్వానిదే, బ్యాంకు ఏమీ చేయలేదు.’

గ్యారంటీ ఉన్నమాట నిజం. ఏడున్నర లక్షల వరకు రుణానికి తాకట్టు, మూడో వ్యక్తి జామీను లేకుండా ఇవ్వడానికి 2015లో కేంద్రం క్రెడిట్ గ్యారంటీ నిధి పెట్టింది. బాకీ ఎగవేస్తే అందులో 75 శాతం వరకు బ్యాంకుకు ఆ నిధి నుంచి వస్తుంది. అయితే ఆ హామీ ఇచ్చింది బ్యాంకుకు, మనకు కాదు. నిధి నుంచి బ్యాంకు డబ్బు తెచ్చుకున్నా మన బాకీ తీరినట్టు కాదు. వాయిదా కట్టక 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అప్పులు సరిగా కడుతున్నామో లేదో చెప్పే సిబిల్ స్కోరు పిల్లలదే కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్నదో అమ్మదో కూడా పడిపోతుంది. ఆనక తమ్ముడి చదువుకు లోన్ అడిగినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. లోక్ అదాలత్‌లో కొంత తగ్గించుకుని సెటిల్ చేసుకునే దారి ఉంది గానీ, సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అన్న మచ్చ ఉండిపోతుంది.

‘విదేశాల్లో చదివినా వర్తిస్తుంది.’

పైన చెప్పిన రెండు పథకాలూ దేశంలో చదువులకే. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుల వడ్డీ కోసం ఉన్న పఢో పర్‌దేశ్‌ను 2022-23 నుంచి ఆపేశారు. రాష్ట్రాల ఓవర్సీస్ విద్యానిధి స్కాలర్‌షిప్ వేరు, అది బ్యాంకు అప్పు తీర్చే పథకం కాదు. అమెరికాలో లోన్ మాఫీ వార్తలు చూసి డాలస్ నుంచి ఫోన్లు చేసేవాళ్లున్నారు. అక్కడ మాఫీ, ఆదాయాన్నిబట్టి వాయిదా లాంటివి ఆ దేశ ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన రుణాలకే. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఆ రుణాలే ఇవ్వరు. బైడెన్ ప్రకటించిన పెద్ద మాఫీని అక్కడి సుప్రీంకోర్టు 2023 జూన్ 30న కొట్టేసింది కూడా. ఇల్లు తాకట్టు పెట్టి ఇక్కడి బ్యాంకులో తీసుకున్న అప్పుకు, వాషింగ్టన్‌లో ఎవరేం ప్రకటించినా సంబంధం లేదు.

ఇక ఉద్యోగం లేనివాళ్లకు నిజంగా ఉన్న దారి ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా విద్యా రుణ పథకంలో, ఉద్యోగం లేని లేదా జీతం బాగా తక్కువైన కాలాల్లో అప్పు నడిచే మొత్తం కాలంలో రెండు మూడు సార్లు మారటోరియం ఇవ్వొచ్చని ఉంది. తిరిగి కట్టే గడువు పదిహేనేళ్ల దాకా పెట్టుకోవచ్చు. మొదట తక్కువ వాయిదాతో మొదలుపెట్టి, జీతం పెరిగేకొద్దీ పెంచుకునే ఏర్పాటు కూడా ఉంది. ఇది హక్కు కాదు, ఇవ్వడం బ్యాంకు ఇష్టం. ఆ కాలంలో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అయినా ఖాతా ఎన్‌పీఏ అయ్యాక అడగడానికీ, మొదటి వాయిదాకు ముందే అడగడానికీ మేనేజర్ ఇచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద బ్రాంచి స్టాంపు, తేదీ వేయించుకోండి.