కౌన్సిల్ కాదన్నంత మాత్రాన ఆగిపోదు
ఊరి చివరి పొలాల్లో కొత్త ఇళ్లకు స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించిందన్న వార్తను విజయంగా భావిస్తున్న ఇంగ్లండ్‌లోని మిత్రులు ఒక సంగతి గమనించాలి. రానున్న 5 ఏళ్ల అవసరానికి సరిపడా ఇళ్ల స్థలాలు చూపలేని కౌన్సిల్ తిరస్కరించిన దరఖాస్తు, 6 నెలల్లోగా ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు (ఇలాంటి అప్పీళ్లను తేల్చే ప్రభుత్వ సంస్థకు) అప్పీలుగా వెళితే, జాతీయ విధానం ప్రకారం తూకం ఇళ్లవైపే మొగ్గే అవకాశం ఎక్కువ. పైగా తిరస్కరణ అసమంజసమని తేలితే అప్పీలు ఖర్చులు కూడా కౌన్సిలే, అంటే పన్ను కట్టే మనమే, భరించవలసి రావచ్చు. ఇంటి ధర పడిపోతుందన్న అభ్యంతరం (నేనూ ఒకప్పుడు అలాగే రాశాను) ప్లానింగ్ లెక్కలోకి రాదు. దానికి బదులు ట్రాఫిక్, వరదనీటి పారుదల, బడిలో సీట్ల గురించి ఆధారాలతో రాస్తే, అనుమతి వచ్చినా సెక్షన్ 106 ఒప్పందం (అనుమతితో ముడిపెట్టి డెవలపర్ కౌన్సిల్‌తో చేసుకునే ఒప్పందం) కింద డెవలపర్ నుంచి బడికో రోడ్డుకో నిధులు రాబట్టే వీలుంటుంది.