సవరణ: రియోహా వైన్ల వయసు లెక్క

స్పెయిన్‌లోని రియోహా ఎర్ర వైన్లను పోల్చిన గత వ్యాసంలో, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా అనే రెండు వయసు శ్రేణుల్లో మొదటిది మూడేళ్లు, రెండోది ఐదేళ్లు ఓక్ చెక్క పీపాల్లో ఉంటాయన్న వాక్యాన్ని సవరించి చదువుకోవలసిందిగా మనవి. ఆ మూడేళ్లు, ఐదేళ్లు పీపాలోనూ సీసాలోనూ కలిపి గడవాల్సిన కనీస కాలాలు. అందులో 225 లీటర్ల పీపాలో రెసెర్వాకు కనీసం ఏడాది, గ్రాన్ రెసెర్వాకు రెండేళ్లు, సీసాలో వరుసగా ఆరు నెలలు, రెండేళ్లు తప్పనిసరి. రుచి చూసేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. వెనిలా, కొబ్బరి వాసనలు అమెరికన్ ఓక్ ఇచ్చేవి కాగా, తోలు, పొగాకు, ఎండు అంజీర్ వాసనలు ఎక్కువగా సీసాలో ఏళ్లు గడిచాకే తేలతాయి. గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూస్తే, వయసు మీరిన వైన్ అంచు ఇటుక రంగుకు తిరగడమూ కనిపిస్తుంది. గ్రాన్ రెసెర్వా సీసాలోనూ ఏళ్లు గడుపుతుంది కాబట్టి, అందులో ఓక్ వాసన అణిగి ఉందన్న గత వ్యాసంలోని పరిశీలనను మార్చవలసిన అవసరం లేదు.