పునీతుల (పరలోకం చేరిన పరిశుద్ధుల) ప్రార్థనా సహాయం కోరడానికి లేఖనాధారం ఉందా?

(గుణదల కొండమీది మరియమాత ఉత్సవాలు ముగిసిన మరునాడు బెజవాడలో ఇద్దరు తోడల్లుళ్ల మధ్య జరిగిన వాదం. పెద్దవారు కథోలిక ఉపదేశి, చిన్నవారు గుంటూరు లూథరన్ సంఘపెద్ద.)

సంఘపెద్ద: అన్నగారూ, కొండ ఎక్కినవారి భక్తిని నేను శంకించను. అయితే దేవునికీ నరులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని పౌలు తిమోతికి అంత తేటగా రాసి ఉండగా, మరియమ్మనూ పునీత అంతోనివారినీ మధ్యలోకి పిలవడం దేనికి?

ఉపదేశి: అదే అధ్యాయం మొదటి వచనంలో, మనుష్యులందరి కోసం విజ్ఞాపనలు చేయమని కూడా పౌలే రాశాడు. మీ అమ్మాయికి జ్వరం వచ్చినప్పుడు ప్రార్థించమని నాకు ఫోన్ చేశారు. నన్ను క్రీస్తుకు పోటీగా నిలబెడుతున్నానని మీకు అప్పుడు తోచలేదు గదా.

సంఘపెద్ద: మీరు బతికి ఉన్నారు, నా మాట మీకు వినబడింది. చనిపోయినవారికి వినబడుతుందని ఎక్కడుంది?

ఉపదేశి: దేవుడు మృతుల దేవుడు కాడు, సజీవుల దేవుడని పునరుత్థానం లేదనే సద్దూకయ్యులతో ప్రభువే అన్నాడు. మేము దర్శన గ్రంథమనీ మీరు ప్రకటన గ్రంథమనీ పిలిచే పుస్తకం ఐదవ అధ్యాయంలో, పరలోకంలోని ఇరవై నలుగురు పెద్దలు ధూపద్రవ్యాలతో నిండిన బంగారు పాత్రలు పట్టుకొని గొఱ్ఱెపిల్ల అయిన క్రీస్తు ముందు సాగిలపడతారు. ఆ ధూపం పరిశుద్ధుల ప్రార్థనలేనని యోహాను విప్పి చెప్పాడు. మన ప్రార్థనలు వారి చేతుల్లో ఉన్నప్పుడు, వారికి మన సంగతి తెలియదని ఎలా అంటాం? మక్కబీయుల రెండవ గ్రంథం పదిహేనవ అధ్యాయంలోనైతే, ఎప్పుడో మరణించిన యిర్మీయా ప్రవక్త, ప్రజల కోసం, పవిత్ర నగరం కోసం ఎంతో ప్రార్థిస్తున్నాడని ఉంది.

సంఘపెద్ద: ఆ గ్రంథం మా బైబిల్లో లేదు.

ఉపదేశి: లేదనకండి, తీసేశామనండి. మీ సంఘానికి మూలపురుషుడైన లూథరు 1534లో అచ్చు వేయించిన బైబిల్లో ఉంది.

(వాదం ఇక్కడ దారి మళ్లింది, ఈ ఇద్దరి మధ్య ఎప్పుడూ మళ్లేది ఇక్కడే.)

సంఘపెద్ద: ఉంది, కానీ లేఖనాలతో సమానం కాదనీ చదవడానికి మాత్రం మంచిదనీ చెప్పి విడిగా వేశారు. మీ లతీను బైబిల్ సిద్ధం చేసిన జెరోముగారే, వాటిని సిద్ధాంత నిర్ణయానికి వాడరాదన్నారు.

ఉపదేశి: అన్నారు, కాదనలేను. అయితే పునీతుల ప్రార్థనలను కాదన్న విజిలాంటియసును 406లో ఖండిస్తూ, శరీరంతో ఉండగానే ఇతరుల కోసం ప్రార్థించగలిగిన అపొస్తలులు పరలోకంలో కిరీటం పొందిన తరువాత ఇంకెంత ప్రార్థిస్తారని అడిగినదీ ఆ జెరోముగారే.

సంఘపెద్ద: పరలోకంలోని పరిశుద్ధులు సంఘం కోసం ప్రార్థిస్తారని లూథరు సహచరుడైన మా మెలాంక్తన్ కూడా 1531లో ఒప్పుకున్నారు. దానివల్ల మనం వారిని పిలవాలని తేలదు. ఒక విశ్వాసి పరలోకంలో ఉన్న పరిశుద్ధుణ్ణి పేరు పెట్టి పిలిచి సహాయం అడిగిన వచనం ఒక్కటి చూపండి.

ఉపదేశి: అలాంటి వచనం లేదు. వారు ప్రార్థిస్తున్నారన్నంతవరకే లేఖనం. పిలవడం శ్రీసభ, అంటే మా కథోలిక సంఘం, పారంపర్యం. 1563లో మా బిషప్పుల ట్రెంటు మహాసభ కూడా అది మంచిది, ప్రయోజనకరం అని చెప్పింది. అందుకే మిమ్మల్ని కొండ ఎక్కమని నేనెన్నడూ బలవంతం చేయలేదు. మీరు మాత్రం నన్ను విగ్రహారాధకుడనడం మానండి.

సంఘపెద్ద: ఆ మాట ఈ రోజు నేను అనలేదు గదా, అన్నగారూ.